వేడిమిపై మోపిన నింద

పాతకాలపు ఇంజెక్షను కారు ఉదయము చల్లనివేళ ఒక్క సెల్ఫునకే స్టార్టయి, పట్టణమంతయు తిరిగి, ఎండలో అరగంటసేపు నిలిచిన పిమ్మట మాత్రము ఎంత సెల్ఫు కొట్టినను పలుకక, బ్యాటరీ నీరసించునంతవరకు యజమానుని సహనమును పరీక్షించి, మరి రెండు గంటలు గడచి ఇంజను చల్లారిన తరువాత, తనయందు ఏ దోషమును ఎన్నడును లేనట్లు మరల ఒక్క సెల్ఫునకే స్టార్టగుట, అట్టి కార్లు కలవారందరును ఎరిగిన విషయమే. ఈ రోగమునకు లోకము ఏనాడో నిదానము చెప్పి ముగించినది. పెట్రోలు వేడెక్కి గొట్టములలో ఆవిరి యైనదట. దీనికి వేపర్ లాక్ అని పేరట. వేసవిలో పాత ఇంజెక్షను కార్లకు ఇది సహజమట. షెడ్డులోని మెకానిక్కు ఈ మాటయే చెప్పును. అటువంటి కారే కలిగిన మిత్రుడును ఈ మాటయే చెప్పును. కారును అమ్మజూపువాడు మరింత ధీమాగా చెప్పును, ఏలయన నింద ఎండమీద ఉన్నంతకాలము కారు ధర తగ్గదు. ఇందరు ఏకకంఠముగా పలికినంతమాత్రమున ఒక మాట సత్యము కానేరదు. ఈ నిదానము చాలవరకు అసత్యమనియు, అసత్యమగుటయేగాక అసలు దోషమును వెదకనీయక అడ్డుపడు అసత్యమగుటచేత మరింత హానికరమనియు నా వాదము.

ఈ అభిప్రాయము గాలిలోనుండి ఊడిపడినదని నేననను. అది పుట్టినచోట అది సత్యమే. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని కార్లు మన రోడ్లను ఏలిన దినములలో, మే నెల మధ్యాహ్నమున ఘాటు రోడ్డెక్కుచునో, రైల్వే గేటువద్ద నిలిచియో ఇంజను ఆగిపోయినపుడు, డ్రైవరు బానెట్టు ఎత్తి, సీటు క్రింది పాతగుడ్డను నీట తడిపి పెట్రోలు పంపుమీద కప్పి, దూరముగా పోయి చెట్టునీడన ఒక బీడీ కాల్చుకొని వచ్చెడివాడు. వచ్చి సెల్ఫు కొట్టినంతనే కారు బయలుదేరెడిది. ఆ తడిగుడ్డను మూఢాచారమని నవ్వువారు ఆ కారు నిర్మాణమును ఎరుగనివారు. వెనుకభాగమున నున్న ట్యాంకునుండి పెట్రోలును ముందునకు లాగునట్టి పంపు ఆ కార్లలో ఇంజను ప్రక్కకే అంటి, ఇంజను లోపలి కామ్ చేత నడుపబడుచుండును. అది పీల్చు పంపు. పీల్చు గొట్టములో పీడనము వాతావరణ పీడనముకన్న తక్కువగా నుండును. పెట్రోలనునది నీటివలె ఒక్క ఉష్ణోగ్రతయందు మరుగు పదార్థము కాదు. అందలి తేలిక భాగములు సుమారు 35 డిగ్రీలకే మరుగ నారంభించి, బరువైన భాగములు 200 డిగ్రీల సమీపమున గాని మరుగవు. పీడనము తగ్గినచోట ఆ మరుగుట ఇంకను ముందే మొదలగును. కావున వేడెక్కిన పంపులో పెట్రోలునకు మారుగా ఆవిరి నిండుటయు, ద్రవమును లాగుటకై చేయబడిన ఆ పంపు ఆవిరిని లాగలేకపోవుటయు, తడిగుడ్డ ఆ ఆవిరిని మరల ద్రవముగా మార్చుటయు సర్వము ప్రకృతి నియమానుసారమే. ఆ డ్రైవరు నిదానమును సరియే, చికిత్సయు సరియే.

పొరపాటంతయు ఆ నిదానమును ఎత్తుకొనిపోయి, దానికి పూర్తిగా విరుద్ధమైన సూత్రముపై నిర్మింపబడిన మరియొక యంత్రముపై మోపుటలో ఉన్నది. జర్మనీ దేశపు బాష్ సంస్థ 1973లో వెలువరించిన కె-జెట్రానిక్ అను ఇంజెక్షను పద్ధతిని ఉదాహరణముగా గైకొందము. అమెరికా విపణికి పోవు పోర్షె 911తో మొదలై, మెర్సిడెస్ 280ఇ, 1976 నాటి గోల్ఫ్ జీటీఐ, వోల్వో 240, ఫెరారీ 308 జీటీబీఐ, డెలోరియను మొదలగు ఎన్నియో కార్లు దీనిని ధరించినవి. నేడు పాత ఇంజెక్షను కార్లుగా ఐరోపాలోను అమెరికాలోను ఆదరింపబడుచున్న వానిలో చాల భాగము ఈ పద్ధతివే. "వేడికి స్టార్టు కాదు" అను అపకీర్తిలో సింహభాగమును దీనిదే.

ఇందు పెట్రోలును పీల్చుట లేదు, త్రోయుట కలదు. విద్యుత్తుచే నడచు పంపు ట్యాంకు చెంతనే యుండి పెట్రోలును సుమారు 5 బార్ల పీడనముతో, అనగా వాతావరణ పీడనముపైన మరి ఐదింతలతో, ముందునకు నెట్టును. ఆ పెట్రోలు అక్యుములేటరు అను ఉక్కుడబ్బా గుండను, ఫిల్టరు గుండను ప్రవహించి ఫ్యూయెల్ డిస్ట్రిబ్యూటరును చేరును. ఇంజను లోనికి పోవు గాలి ఎత్తిపట్టు ఒక పళ్ళెము ఎంత లేచునో అంతకు తగిన పెట్రోలు అచ్చటినుండి ఒక్కొక్క సిలిండరు ఇంజెక్టరునకు విరామములేక ప్రవహించును. ఇంజెక్టరు తెరచుకొనుటకు సుమారు 3.3 బార్ల పీడనము కావలెను; అంతకు తగ్గినచో దాని లోపలి స్ప్రింగు దానిని మూసివేయును.

ఇంజనును ఆపినపుడు జరుగునది మన వివాదమునకు ప్రాణము. అందుచేత ఇచ్చట కొంత నిలువవలయును. పంపు ఆగినంతనే దాని నోటియందలి చెక్ వాల్వు మూసికొని పెట్రోలు ట్యాంకులోనికి వెనుదిరుగకుండ కాచును. డిస్ట్రిబ్యూటరులోని పీడన నియంత్రణ వాల్వు తిరుగు గొట్టమును మూయును. ఇంజెక్టర్లు తమ స్ప్రింగులచే మూతపడును. అక్యుములేటరు లోపలి డయాఫ్రమును వెనుకనుండి ఒక స్ప్రింగు నెట్టుచు, గొట్టములలోని పెట్రోలును ఇంజెక్టరు తెరచుకొను పీడనమునకు కొంచెము దిగువన పట్టి ఉంచును. ఇట్లు మిగిలియుండు పీడనము పది నిమిషములకు ఎంత, ఇరువది నిమిషములకు ఎంత ఉండవలయునో ప్రతి కారు వర్క్‌షాపు పుస్తకమునందును అచ్చువేయబడియే ఉన్నది; నమూనానుబట్టి అంకెలు మారును గాని, చాల కార్లకు అది ఒకటిన్నర, రెండున్నర బార్ల నడుమ ఉండును.

ఇంజను ఆగిన తరువాత ఎవరికిని పనికిరాని ఆ పీడనమును నిలుపుటకై నిర్మాతలు ఒక ఉక్కుడబ్బాను, ఒక డయాఫ్రమును, ఒక స్ప్రింగును, ఒక చెక్ వాల్వును ఏల అమర్చినట్లు? వేడిమి సంగతి వారికి మనకన్న బాగుగా తెలియును గనుకనే! ఇంజను నడచుచున్నంతసేపు నీరు తిరుగుచుండును, ఫ్యాను విసరుచుండును, చల్లని పెట్రోలు గొట్టములలో ప్రవహించుచుండును. ఆగిన పిదప నీరు నిలిచిపోవును, గాలి నిలిచిపోవును, ఇనుపదిమ్మెలోని వేడి మాత్రము పైకి లేచి బానెట్టు క్రింద ముసరుకొనును. కావున పెట్రోలు గొట్టములు మిక్కిలి వేడెక్కునది కారు పరుగెత్తుచున్నపుడు కాదు, ఆగిన తరువాతి అరగంటలోనే. కుక్కరులోని నీరు నూరు డిగ్రీలు దాటియు మరుగక నిలుచుట మన వంటిండ్లలో నిత్యము కానవచ్చునదే. గొట్టములలో రెండు బార్ల పీడనము నిలిచియున్నంతకాలము వేసవి పెట్రోలు 80 డిగ్రీల వేడిమికిని మరుగదు. ఇంతేకాదు, నలువైపుల మూయబడిన పెట్రోలు వేడెక్కినపుడు వ్యాకోచించును గనుక, ఆరోగ్యవంతమైన కారులో ఆ వేడిమి పీడనమును తగ్గించుటకు మారుగా రవ్వంత పెంచును. శత్రువని మనము నిందించుచున్న వేడిమియే అచ్చట రక్షకభటుని పని చేయుచున్నదన్నమాట.

ఇక ఆవిరి పట్టినది అను మాటకు అర్థమేమి? పీడనము పోయినదని అర్థము. పీడనము ఏల పోయినది? ఎచ్చటనో కారుచున్నది గనుక. ఆవిరి కార్యము, కారుడు కారణము, ఎండ సందర్భము; ఈ మూటిలో మనవారు మూడవదానిని పట్టుకొని మొదటిదానికి కారణముగా నిలిపి, రెండవదానిని చూడనేలేదు. ఈ కార్లు అమ్ముడుపోయిన దేశములలో స్వీడనుతోపాటు అరిజోనాయు, టెక్సాసును ఉన్నవి. 1978లో ఫీనిక్సు నగరపు ఎండలో నిలిపిన క్రొత్త కారు అరగంట తరువాత స్టార్టగుటయు, అదే కారు నలువదేండ్ల పిదప లండనులోని ఒక సాధారణ వేసవి దినమున స్టార్టు కాకుండుటయు వేపర్ లాక్ వాదులు ఎట్లు సమన్వయింతురో నాకు తెలియదు. నలువదేండ్లలో ఎండ పాతబడలేదు, రబ్బరు పాతబడినది. ఇంజను వెనుక గదిలో బిగింపబడి గాలి సరిగా సోకదు గనుక డెలోరియనునకు ఈ బాధ తప్పదని చెప్పువారును ఇదే ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది: ఆ గది 1981లోను అంతే ఇరుకుగా ఉండెను గదా.

ఈ సిద్ధాంతము వలని మరియొక అనర్థము ఇంతకంటె సూక్ష్మమైనది. పెట్రోలు అందక స్టార్టు కాకుండుట ఒకటి, పెట్రోలు ఎక్కువై స్టార్టు కాకుండుట మరియొకటి. ఇవి పరస్పర విరుద్ధములు. వేడి ఇంజనులో రెండును ఒకే రూపముతో కనబడును. మొదటిదానిలో గొట్టముల పీడనము పోయి ఆవిరి నిండియుండును. రెండవదానిలో కారుచున్న ఇంజెక్టర్లు గాని, చల్లని ఇంజను స్టార్టగుటకై అదనపు పెట్రోలు చిమ్మునట్టి కోల్డ్ స్టార్ట్ వాల్వు గాని, మిగిలిన పీడనము వలననే పెట్రోలును చుక్కచుక్కగా ఇన్‌టేక్ మానిఫోల్డులోనికి వదలుచు, అచ్చటి వేడికి అది ఆవిరియై, సెల్ఫు కొట్టునప్పటికి సిలిండరునకు తగిన గాలి దొరకనంత దట్టమైన మిశ్రమము సిద్ధమై యుండును. ఇక ఒక్కొక్కప్పుడు ఈ రెండును ఒకే కారులో ఒకే కారణమున కలుగును. ఇంజెక్టరు కారినపుడు మానిఫోల్డు నిండుచున్నది, గొట్టము ఖాళీ యగుచున్నది. కావున ఇంజను మొదట నల్లని పొగతో దగ్గి ఒక క్షణము పట్టుకొని, ఆ ఎక్కువైన పెట్రోలు కాలిపోగానే వెనుకనుండి వచ్చునది ఆవిరియే గనుక మరల ఆగిపోవును. ఇంతటి చిత్రమైన వ్యవహారమునకు "వేడికి అట్లే యగును" అని ఒక్క మాటతో ముద్రవేసి పంపివేయువారిని నిదానవేత్తలని యెట్లు పిలువగలము?

తప్పుడు నిదానము ఉన్నచోట తప్పుడు చికిత్సలకు కొదువ యుండదు. గొట్టములకు వెండిరంగు పట్టీలు చుట్టుట అందు మొదటిది. పట్టీ వేడిని ఆలస్యపరచును గాని ఆపదు. అరగంటసేపు వేడి గదిలో నిలిచిన గొట్టము పట్టీ ఉన్నను లేకున్నను ఇంచుమించు ఒకే వేడిమికి చేరును. పైగా చల్లారునపుడును పట్టీ ఆలస్యమే చేయును. రెండవది పంపును మార్చుట. క్రొత్త పంపుతోపాటు క్రొత్త చెక్ వాల్వు వచ్చును గనుక కొన్ని కార్లలో ఇది ఫలించును. ఫలించినది వాల్వు వలన, కీర్తి పంపునకు. చాల పంపులలో ఆ వాల్వు విడిగా మరలు విప్పి మార్చదగినదే. మూడవది, పంపు తరువాత గొట్టములో అదనముగా మరియొక చెక్ వాల్వు చొప్పించుట. అక్యుములేటరు డయాఫ్రము చినిగియున్నచో పెట్రోలు ఆ వాల్వును దాటిన తరువాతనే పారిపోవుచున్నది గనుక, ముందు ఎన్ని వాల్వులు పెట్టినను ప్రయోజనము లేదు. నాల్గవది, డ్యాష్‌బోర్డుపై ఒక బొత్తాము పెట్టి, దానిని నొక్కినపుడెల్ల కోల్డ్ స్టార్ట్ వాల్వు పెట్రోలు చిమ్మునట్లు చేయుట. ఇది పనిచేయును, అది పనిచేయుటయే దాని దోషము. ఆ బొత్తాము ఉన్నంతకాలము యజమాని లోపల కారుచున్న దేదో వెదకడు, కారునది పెరుగుచు పోవును. మరియొకనాడు దోషము పెట్రోలు ఎక్కువగుటయై యున్నచో అదే బొత్తాము దానిని రెట్టింపు చేయును.

వీనినన్నిటిని మించినది ఇంజెక్షనును పూర్తిగా పీకివేసి కార్బొరేటర్లు బిగించుట. "ఈ జర్మను యంత్రము మన ఎండకు ఆగదు, సులభమైన కార్బొరేటరే మేలు" అను వాదము వినుటకు ఇంపుగా నుండును. సులభమైనదానిపై మనుష్యునకు సహజముగా మక్కువ. కాని వేడిమికి భయపడి పారిపోవువాడు ఎచ్చటకు పోవుచున్నాడో చూడుడు. కార్బొరేటరు తొట్టిలోని పెట్రోలు బయటి గాలికి తెరవబడి యుండును. దానిమీద నిలుపబడిన పీడనమేమియు లేదు. ఇంజను ఆగినపుడు పైకెగసిన వేడి నేరుగా ఆ తొట్టికి తగిలి, పెట్రోలు నిజముగనే మరిగి, జెట్టుల గుండ పొంగి మానిఫోల్డులోనికి పారును. ఏ రోగము ఇంజెక్షనునకు లేకుండెనో ఆ రోగమునకు నిజముగ లోనగు యంత్రమును ఇతడు ధనము వెచ్చించి తెచ్చుకొన్నాడు! పైగా తీసివేసిన ఫ్యూయెల్ డిస్ట్రిబ్యూటరు మూల పడియుండి లోపల తుప్పుపట్టి, కొన్నియేండ్లకు మనసు మారి మరల బిగింపదలచినను పనికిరాకుండ పోవును. ఒక రబ్బరు డయాఫ్రము చినిగినందులకు ఒక సంపూర్ణ యంత్రమును బలిచేయుట న్యాయమని నాకు తోచదు.

మరి చేయవలసిన దేమి? కొలువవలయును. ఇంత సుదీర్ఘ వివాదము ఒక ప్రెషరు గేజి చేతనున్నచో అరగంటలో ముగియును. అట్లు ముగియవలసినది దశాబ్దములుగా సాగుచుండుట గేజి వాడుక లేకపోవుట చేతనే. మూడు దారుల కుళాయి కల గేజిని, ఫ్యూయెల్ డిస్ట్రిబ్యూటరు నుండి, ఇంజను వేడిమినిబట్టి మిశ్రమమును దిద్దు వార్మప్ రెగ్యులేటరునకు పోవు గొట్టము నడుమ తగిలింపవలెను. 5 బార్ల పీడనముతో చిమ్ము పెట్రోలు వేడి ఇంజనుపై పడుట ప్రాణాపాయము గనుక ఇంజను చల్లగా నున్నప్పుడే గొట్టము విప్పి, ప్రక్కన మంటలార్పు సిలిండరు ఉంచుకొనుట మరువరాదు. ఇంజనును నడిపి కుళాయి మూసినపుడు కనబడునది మూలపీడనము, అనగా నాలుగున్నర, ఐదున్నర బార్ల నడుమ పుస్తకము చెప్పినంత. కుళాయి తెరచినపుడు కనబడునది నియంత్రణ పీడనము, వేడి ఇంజనులో సుమారు మూడున్నర బార్లు. ఈ రెండును సరిగా నున్నవో లేవో గుర్తించి, ఇంజనును ఆపి గేజిని చూచుచు కూర్చుండవలెను.

ఆపిన క్షణమున ముల్లు ఒక్కసారిగా క్రిందికి దిగును. దీనిని చూచి కంగారుపడి, "పట్టుకొన్నాను దొంగను" అనువారిని ఎరుగుదును. అది సహజము, ఇంజెక్టరు తెరచుకొను పీడనమునకు దిగువన అది నిలువవలసినదే. తరువాత దాని నడక చూడవలయును. పది నిమిషములకు పుస్తకము చెప్పిన అంకెపైన నిలిచియున్నచో పెట్రోలు మార్గమునందు నింద మోపుటకు ఏమియు లేదు. ఒకటి రెండు నిమిషములలో సున్నకు జారినచో కారుడు ఉన్నది, ఇక అది ఎచ్చట నున్నదను ప్రశ్న మాత్రమే మిగిలినది. కుళాయి తెరచినపుడు జారి, మూసినపుడు నిలిచినచో దోషము రెగ్యులేటరు వైపున ఉన్నది. రెండు స్థితులందును జారినచో, ట్యాంకునుండి పంపునకు వచ్చు రబ్బరు గొట్టమును మెత్తని బిగింపుతో నొక్కి మరల చూడవలెను. జారుట ఆగినదా, చెక్ వాల్వు దోషి. ట్యాంకునకు పోవు తిరుగు గొట్టమును నొక్కినపుడు ఆగినదా, డిస్ట్రిబ్యూటరులోని పీడన నియంత్రణ వాల్వు మూయుట లేదు. చాల తరచుగా అందలి చిన్న ఓ-రింగు గట్టిపడి గాజువలె నైయుండును, దాని వెల టీ ఖర్చునకు మించదు. అక్యుములేటరు సంగతి ఇంకను సులభము. దాని వెనుకనుండి ట్యాంకునకు పోవు సన్నని గొట్టము విప్పి, పంపును నడిపి చూచినచో అచ్చటినుండి పెట్రోలు వచ్చుట డయాఫ్రము చినిగినదనుటకు నిస్సందేహమైన సాక్ష్యము. ఆ గొట్టమున పెట్రోలు రావలసిన అవసరము ఏ పరిస్థితియందును లేదు.

ఇవన్నియు నిర్దోషులని తేలినపుడు మిగిలినవి ఇంజెక్టర్లును కోల్డ్ స్టార్ట్ వాల్వును. వీనిని మానిఫోల్డునుండి పెరికి, పెట్రోలు గొట్టములు తగిలియుండగనే ఒక్కొక్కదానిని ఒక్కొక్క గాజుసీసాలో నిలిపి, పంపును కొంతసేపు నడిపి ఆపి, మూతులు తుడిచి చూడవలెను. మూతి కొంచెము తడియగుటను సహింపవచ్చును. చుక్క కట్టి రాలుటను సహింపరాదు. కోల్డ్ స్టార్ట్ వాల్వు విషయమున మరియొక చిత్రము కలదు. దానిని థర్మో-టైమ్ స్విచ్ అనునది శాసించును; ఇంజను వేడిగా నున్నప్పుడు ఆ స్విచ్ దానిని తెరువనీయదు. కావున మెకానిక్కులు వేడి స్టార్టు సమస్యలో దానిని అనుమానింపనే అనుమానింపరు. విద్యుత్తు తెరువకున్నను అరిగిన మూతి తనంతట కారవచ్చునను సంగతి వారికి స్ఫురింపదు.

ఇంతవరకు వినిన ప్రతివాది రెండు బలమైన అస్త్రములు తీయును. వానిని దాచి జయించితిననుట అన్యాయము. మొదటిది నేటి పెట్రోలు. ఇథనాలు కలుపుటచేత పెట్రోలు ఆవిరిపీడనము పెరిగినదని వారందురు. ఇది సత్యము, పదిశాతము వంటి స్వల్ప మిశ్రమములలో ఆ పెరుగుదల స్పష్టము. జర్మనీలో 2011నుండియు, బ్రిటనులో 2021 సెప్టెంబరునుండియు అట్టి పదిశాతపు మిశ్రమమును బంకులలో అమ్ముచున్నారు. చలిదేశములలో శీతకాలమునకై తేలిక భాగములు ఎక్కువగా కలిపిన పెట్రోలు ట్యాంకులో ఉండగనే మార్చి నెలలో ఒక వెచ్చని దినము వచ్చినచో కొన్ని కార్లు మొరాయించుటయు సత్యమే. కాని ఈ సత్యములు ఎవరికి సాక్ష్యము? ఆవిరిపీడనము పెరిగినకొలది దానిని అణచి ఉంచుటకు మిగులు పీడనము మరింత అవసరమగును; అనగా ఇదివరకు సగము కారుచున్నను ఎట్లో నెట్టుకొని వచ్చిన కారు ఇప్పుడు నెట్టుకొని రాలేకున్నదని మాత్రమే. ఇథనాలును ఊహింపని కాలమున పోతపోసిన రబ్బరు దానివలన ఉబ్బి, గట్టిపడి, పగులుట వేరొక సంగతి. ఇథనాలుపై నింద మోపదలచినవారు ఆవిరిని విడిచి ఈ ద్వారమున వచ్చినచో నేనును వారితో చేతులు కలుపుదును.

రెండవ అస్త్రము ఇంతకన్న వాడియైనది. జపానువారి డాట్సను 280జెడ్‌ఎక్స్ కారులో, ఇంజనాపిన తరువాత ఇంజెక్టర్లపై గాలి విసరుటకై కంపెనీవారే ఒక చిన్న ఫ్యాను అమర్చిరి. వేడిమి దోషము కాకున్నచో ఫ్యాను ఎందులకు? నేను వేడిమి లేదనలేదు. ఆ కారు ఇంజెక్షను వేరు జాతిది. దాని పీడనము కె-జెట్రానిక్ పీడనములో సగమే, కావున దానికి మిగులు బలము తక్కువ. తక్కువ పీడనమున్నచోట వేడిమికి పలుకుబడి హెచ్చుననుట నా వాదమునకు విరోధము కాదు, అనుబంధము. అదే జాతి ఇంజెక్షను కల కొన్ని కార్లలో టొయోటావారు ఏమి చేసిరో ప్రతివాదులు సాధారణముగా చెప్పరు. వేడి ఇంజనును స్టార్టు చేయునపుడు పీడన నియంత్రణ వాల్వునకు పోవు వాక్యూమును ఒక విద్యుత్ వాల్వుచే కొంతసేపు తెంపి, గొట్టములలో పెట్రోలు పీడనమును పెంచిరి. వేడిమికి మందు పీడనమని తయారీదారే తన చేతితో వ్రాసి ఇచ్చిన పత్రము వంటిదది.

ఒక్క విషయమున ఇరుపక్షములును దోషులే. వేడికి స్టార్టు కాని ప్రతి కారును పెట్రోలు రోగియే అనుకొనుట వేపర్ లాక్ వాదులకెంత అలవాటో, గేజి చేతబట్టిన మాబోటివారికిని అంతే అలవాటు. ఇగ్నిషను మాడ్యూలు వేడెక్కినపుడు మాత్రమే చచ్చి చల్లారగనే బ్రతుకుట కలదు. ఎగ్జాస్టు ప్రక్కనున్న స్టార్టరు మోటారు వేడికి బిగిసి నెమ్మదిగా త్రిప్పుట కలదు. ఎలక్ట్రానిక్ ఇంజెక్షను కార్లలో నీటి వేడిమిని తెలుపు సెన్సరు అబద్ధమాడి, వేడి ఇంజనును చల్లనిదని నమ్మించి పెట్రోలు పోయించుటయు కలదు.

ఇక కడపటి ఆక్షేపము. గేజియు, మూడు దారుల కుళాయియు అందరివద్ద నుండవు, నడిరోడ్డున మొదలే యుండవు. కావున ఈ శాస్త్రమంతయు షెడ్డు గోడల నడుమనే చెల్లునందురు. గేజి వెల ఒక పంపు వెలలో కొద్ది భాగమే యనుట అటుంచి, ఏ పనిముట్టును లేకయే తెలియదగినది కొంత ఉన్నది. వేడి కారు పలుకనపుడు పంపు రిలేను పెరికి, 30, 87 అను గుర్తులు గల రంధ్రములను ఫ్యూజు ఉన్న తీగతో కలిపి, సెల్ఫు కొట్టక పంపును మాత్రము పది పదిహేను సెకండ్లు నడువనిచ్చి, పిమ్మట రిలేను మరల బిగించి సెల్ఫు కొట్టవలయును. కారు వెంటనే స్టార్టయినచో గొట్టములలో పీడనము పోయి ఆవిరి నిండినదనుట నిశ్చయము. ఇంటికి చేరి కారుడును వెదకుకొనవచ్చును. అట్లు కాక, యాక్సిలరేటరును నేలకంట నొక్కిపట్టి సెల్ఫు కొట్టినపుడు, వెనుక గొట్టమున పచ్చి పెట్రోలు వాసనతో నల్లని పొగ క్రక్కి స్టార్టయినచో పెట్రోలు ఎక్కువైనదని అర్థము. అనుమానము ఇంజెక్టర్లవైపునకు, కోల్డ్ స్టార్ట్ వాల్వు వైపునకు తిరుగవలయును. ఈ రెంటికిని లొంగని కారునకు స్పార్కు టెస్టరు తగిలించి చూడుడు. అందు నిప్పు కానరానిచో పెట్రోలును గూర్చి ఇంతవరకు నేను చెప్పినదియు, నా ప్రతివాదులు చెప్పినదియు ఆ కారునకు వర్తింపదు.